మహమ్మారి లెక్కలో యౌవనం

రాయ్‌పూర్ నగరపు ఉత్తర భాగంలో, ఖమ్‌తరాయ్ పరిసరాలలో, రైలు పట్టాలకు ఆనుకొని విస్తరించిన నివాస ప్రాంతాన్ని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అని వ్యవహరిస్తారు. ఆ మూడు అక్షరాలు వ్యాగన్ రిపేర్ షాపు అనే మాటలకు సంక్షిప్త రూపం. గూడ్సు బండ్ల పెట్టెలను నిర్ణీత కాలానికొకసారి విప్పి, మరమ్మతు చేసి, మళ్లీ పట్టాలెక్కించే ఈ కర్మాగారం 1960వ దశకంలో వెలసింది. దానితోపాటే క్వార్టర్లు, వాటి మధ్య మైదానం, ఆ మైదానంలో ఏటా దసరాకు దహనం చేసే భారీ రావణ విగ్రహం ఆ ప్రాంతానికి గుర్తులయ్యాయి. రావణ దహనాన్ని చూడడానికి నగరం నలుమూలల నుండి జనం వస్తారు. వారిలో చాలామందికి ఆ క్వార్టర్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయన్న సంగతి తెలియకపోవచ్చును.

తెలుగువారు ఇక్కడికి చేరిన వైనానికి రైలు మార్గమే ఆధారం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే రాయ్‌పూర్‌ను ఒకవైపు నాగపూర్‌తోను, మరొకవైపు బిలాస్‌పూర్ మీదుగా కలకత్తాతోను కలిపింది. తెలుగు దేశంతో నేరు సంబంధం మాత్రం చాలాకాలం లేదు. విజయనగరం నుండి బయలుదేరిన లైను పార్వతీపురం దాకా వచ్చి ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయింది. 1931లో అది రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయ్‌పూర్ చేరుకొన్న తరువాతనే ఉత్తరాంధ్ర పల్లెల నుండి కూలికి, కొలువుకు వచ్చేవారికి ఛత్తీస్‌గఢ్ మైదానం ఒక రాత్రి ప్రయాణమైంది. తండ్రి ఖలాసీగా చేరడం, కొడుకు ఫిట్టరు కావడం, మనుమడు పరీక్ష రాసి గార్డు ఉద్యోగానికి పోటీపడడం ఇటువంటి కాలనీలలో మూడు తరాల సామాన్య చరిత్ర. పల్లెలో 'వయసు మీరిపోతోంది' అంటే పెళ్లి గురించి. రైల్వే కాలనీలో అదే మాట నోటిఫికేషను గురించి.

వయసు ఇంతగా లెక్కకు వచ్చే చోటును ఆధారంగా చేసుకొని ఒక ప్రశ్నను పరిశీలించవచ్చును. దేశమంతటినీ కుదిపివేసిన మహమ్మారి పదిహేను, ముప్పై ఏళ్ల మధ్య వారిని ఎంతగా తాకిందో ప్రభుత్వాలు ఏ కొలతతో కొలిచాయి? ఈ ప్రాంతం నూరేళ్ల వ్యవధిలో రెండు మహమ్మారులను చూసింది. మొదటిది యువకులను చంపింది. రెండవది ఎక్కువగా వారి పెద్దలను చంపి, వారిని నిలిపివేసింది. కొలిచే సాధనం మాత్రం రెండుసార్లూ ప్రధానంగా ఒక్కటే. అది మరణాల పట్టిక.

1918 వేసవి చివర బొంబాయి రేవులో కనిపించిన ఇన్‌ఫ్లుయెంజా మొదటి విడతలో తీవ్రమైన జ్వరంగానే గడిచిపోయింది. సెప్టెంబరులో తిరగబెట్టిన రెండవ విడత వేరు. అది పడమటి తీరం నుండి తూర్పుగా, రైలు మార్గాల వెంట లోపలి జిల్లాలకు ప్రాకింది. అక్టోబరు, నవంబరు మాసాలలో మధ్య పరగణాలు, అనగా నేటి ఛత్తీస్‌గఢ్ మైదానం కూడ భాగమై ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్, దేశంలోకెల్లా ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాలలో ఒకటిగా నిలిచింది. మద్రాసు రాజధానిలో, అందులోని తెలుగు జిల్లాలలో, నష్టం దానితో పోలిస్తే తక్కువ. అదే ఏడాది నైరుతి ఋతుపవనాలు విఫలమైనాయి. వరిని నమ్ముకొన్న ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం ధర, గుడ్డ ధర, యుద్ధకాలపు కొరత అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. బ్రిటిష్ ఇండియాలో 1917లో వేయికి 33 దగ్గర ఉన్న మరణాల రేటు 1918లో 62 దాటింది.

ఈ అంకెల వెనుక ఒక చిన్న ఉద్యోగి ఉన్నాడు. మధ్య పరగణాల పల్లెలలో చావుపుట్టుకలను పోలీసు ఠాణాకు తెలియజేసే బాధ్యత గ్రామ కావలివాడైన కోత్వార్‌ది. తెలుగు జిల్లాలలో మునసబు, కరణం చేసిన పని ఇక్కడ అతడు చేసేవాడు. ఎవరు పోయారో అతడు చెప్పగలడు గాని ఏ రోగంతో పోయారో చెప్పగల చదువు అతనికి లేదు. కలరా, మశూచి, ప్లేగు, పాముకాటు వంటివి తప్ప తక్కినవన్నీ 'జ్వరం' అనే ఒక్క గడిలో చేరేవి. అందుచేత 1918లో ఇన్‌ఫ్లుయెంజాతో ఎందరు మరణించారో తెలుసుకొనడానికి అధికారులు తీసివేత లెక్కను ఆశ్రయించారు. మామూలు ఏళ్లలో జ్వర మరణాలు ఎన్ని, ఆ ఏడాది ఎన్ని, రెండింటికీ తేడా ఎంత అన్నదే వారి పద్ధతి. ఆ తీసివేతలో కరవుకు చెందిన చావులు కూడ ఇన్‌ఫ్లుయెంజా ఖాతాలో పడి ఉండవచ్చును. కోత్వారే మంచాన పడిన ఊళ్లలో అసలు లెక్కే లేకుండా పోయి ఉండవచ్చును. బస్తర్, కాంకేర్ వంటి సంస్థానాలలోనైతే బ్రిటిష్ జిల్లాలలో ఉన్నపాటి నమోదు కూడ లేదు.

భారత ప్రభుత్వ శానిటరీ కమిషనరు నార్మన్ వైట్ 1919లో ఇచ్చిన ప్రాథమిక నివేదికలో మృతులు అరవై లక్షలని అంచనా వేశాడు. 1921 జనగణన కమిషనరు మార్టెన్ దానిని 120 నుండి 130 లక్షలకు పెంచాడు. 1951లో కింగ్‌స్లీ డేవిస్ రెండు కోట్ల వరకు వెళ్లాడు. 1986లో మిల్స్ 170, 180 లక్షల మధ్య అన్నాడు. 2012లో సిద్ధార్థ చంద్ర, ఆయన సహచరులు బ్రిటిష్ పాలిత జిల్లాల వరకు తిరిగి లెక్కించి సుమారు 139 లక్షలని తేల్చారు. ఒకే పట్టికల నుండి ఇన్ని సమాధానాలు రావడం లెక్క వేసినవారి లోపం కాదు. మూలంలోనే ఉన్న 'జ్వరం' గడి చేసిన పని ఇది.

ఎంతమంది అన్నదానిపై ఏకాభిప్రాయం లేకపోయినా, ఎవరు అన్నదానిపై భేదాభిప్రాయం లేదు. సాధారణంగా ఇన్‌ఫ్లుయెంజా పసివారిని, వృద్ధులను కబళిస్తుంది. 1918 నాటిది ఇరవై, నలభై ఏళ్ల మధ్య వారిని ప్రత్యేకంగా ఎంచుకొన్నది. భారతదేశంలో మరొక విశేషం కూడ నమోదైంది. పురుషులకంటె స్త్రీలు ఎక్కువగా మరణించారు. రోగులకు సేవ చేస్తూ, గాలి చొరని గదులలో, తామే చివర తినే అలవాటుతో ఉన్నవారు వారు. ప్రసవ వయసులోని స్త్రీలు పోవడం చేతను, బ్రతికినవారు నీరసించి ఉండడం చేతను, 1919లో జననాలు బాగా తగ్గిపోయాయి. ఆ దశాబ్దం చివర 1921 జనగణన జరిగినప్పుడు నేటి భారత భూభాగంలో జనాభా 25.21 కోట్ల నుండి 25.13 కోట్లకు తగ్గినట్లు తేలింది. దేశ జనగణన చరిత్రలో జనాభా తగ్గిన దశాబ్దం అది ఒక్కటే.

ఈ జనగణనే ఆనాటి యువతరాన్ని కొలిచిన పెద్ద సాధనం. అయితే దానికొక చిక్కు ఉంది. తమ వయసు ఎంతో ఆనాటి జనంలో ఎక్కువమందికి తెలియదు. లెక్కలు రాసేవారు అడిగితే ఇరవై, పాతిక, ముప్పై అని చెప్పేవారు. ఇరవై మూడు, ఇరవై ఏడు అని చెప్పినవారు అరుదు. 'గాలివాన ఏడు పుట్టినవాడు', 'కరవు నాటికి నడక వచ్చినవాడు' అని గుర్తుపెట్టుకొనే సమాజంలో వయస్సుల పట్టిక మెట్లమెట్లుగా, అక్కడక్కడ గుట్టలుపడి ఉంటుంది. గణాంకవేత్తలు ఆ గుట్టలను చదును చేసిన తరువాతనే అందులోని గోతులు కనిపించాయి. పోయినవారి స్థానం ఆ విధంగా దొరికింది. బ్రతికిన ఇరవై ఏళ్లవాడు ఏమైనాడన్నది అందులో దొరకదు.

దానికి సాహిత్యం వైపు తిరగవలసి ఉంటుంది. హిందీ మహాకవి సూర్యకాంత్ త్రిపాఠి నిరాలా ఆ 1918లో ఇరవై ఏళ్లు దాటిన యువకుడు. బెంగాల్‌లోని మహిషాదల్ నుండి భార్య జబ్బు వార్త విని దాల్‌మవూకు చేరేటప్పటికి ఆమె లేదు. కుటుంబంలో మరికొందరు కూడ అదే జ్వరానికి బలి అయ్యారు. శవాలతో నిండిన గంగను ఆయన చూశాడు. ఇరవై ఏళ్ల తరువాత 'కుల్లీ భాట్' అనే గ్రంథంలో ఆ రోజులను తలచుకొన్నాడు. గాంధీజీ పెద్ద కుమారుడు హరిలాల్ భార్య గులాబ్ కూడ ఆ జ్వరానికే చిన్న వయసులో మరణించింది. పెళ్లాంబిడ్డలను పోగొట్టుకొన్న యువకుడు, అన్నల పిల్లలను పెంచవలసి వచ్చిన పదహారేళ్లవాడు, బడి మాని కాపలాకు పోయిన పిల్లవాడు పట్టికలో 'సజీవులు' అనే వరుసలోనే ఉంటారు. ఆనాటి అధికారుల దృష్టి దోషమని దీన్ని అనడం న్యాయం కాదు. చచ్చినవారిని లెక్కపెట్టడమే వారికి తలకు మించిన పని అయింది.

ఇక రెండవ మహమ్మారి. 2020 మార్చిలో రాయ్‌పూర్‌లో తొలి కోవిడ్ కేసు బయటపడింది. కొద్ది రోజులకే దేశమంతటా ప్రయాణికుల రైళ్లు ఆగాయి. పార్వతీపురం, విజయనగరాల వైపు వెళ్లే బండ్లు నిలిచిపోయాయి. గూడ్సు బండ్లు మాత్రం ఆగలేదు. బియ్యం, బొగ్గు, ఎరువులు కదలాలి గనుక వ్యాగన్ల అవసరమూ ఆగలేదు. ఈసారి మృత్యువు వయస్సుల వరుసను తలక్రిందులు చేసింది. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటించిన వివరాల ప్రకారం అప్పటి మృతులలో సగానికి పైగా అరవై ఏళ్లు నిండినవారు. పదిహేను, ఇరవై తొమ్మిది ఏళ్ల మధ్యవారు మూడు శాతం ప్రాంతంలో ఉన్నారు. 1918 కొలతబద్దతో చూస్తే యువతకు ఈ మహమ్మారి వలన జరిగిన నష్టం స్వల్పం. ఆ కొలతబద్ద చాలదని ఛత్తీస్‌గఢ్‌కు మొదటి నెలలోనే తెలిసింది.

బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల గిరిజన బాలిక ఊరివారితో కలిసి తెలంగాణలో మిరపకాయల కోతకు వచ్చింది. లాక్‌డౌన్‌తో పని ఆగింది, బండ్లు లేవు. కూలీలందరూ అడవి దారిన కాలినడకన బయలుదేరారు. మూడు రోజులు నడిచిన తరువాత, 2020 ఏప్రిల్ 18న, ఇల్లు ఇక కొద్ది మైళ్లు ఉందనగా ఆమె మరణించింది. పరీక్ష చేస్తే కోవిడ్ లేదని తేలింది. కాబట్టి మహమ్మారి మృతుల జాబితాలో ఆమెకు చోటు లేదు. కోత్వార్ పుస్తకంలో ఇన్‌ఫ్లుయెంజా చావు, కరవు చావు ఒకే గడిలో కలిసిపోగా, ఈసారి పరీక్షానాళిక రెండింటినీ ఖచ్చితంగా వేరుచేసింది. ఆ ఖచ్చితత్వమే ఆ బాలికను లెక్క నుండి తప్పించింది. మొత్తం మరణాల విషయంలో నూరేళ్ల క్రిందటి తీసివేత లెక్కే మళ్లీ అక్కరకు వచ్చింది. 2020, 2021 సంవత్సరాలలో భారతదేశంలో మామూలుకంటె సుమారు 47 లక్షల మరణాలు అధికంగా సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. భారత ప్రభుత్వం ఆ పద్ధతిని అంగీకరించలేదు. అధికారిక లెక్క 2021 చివరికి ఐదు లక్షల లోపే ఉంది.

రైల్వే కాలనీలలో రెండవ ఉధృతి, అనగా 2021 ఏప్రిల్, మే మాసాలు, వేరే తీరుగా అనుభవానికి వచ్చింది. ఏప్రిల్ 9 నుండి రాయ్‌పూర్ జిల్లాలో మళ్లీ పూర్తి లాక్‌డౌన్ విధించారు. మే 10 నాటికి దేశవ్యాప్తంగా 1,952 మంది రైల్వే సిబ్బంది కోవిడ్‌కు బలి అయినట్లు రైల్వే బోర్డు అధ్యక్షుడు వెల్లడించాడు. సర్వీసులో ఉండగా ఉద్యోగి మరణిస్తే భార్యకు గాని, సంతానంలో ఒకరికి గాని కారుణ్య నియామకం ఇవ్వడం రైల్వేలో చిరకాలంగా ఉన్న ఏర్పాటు. కుటుంబం వీధిన పడకుండా కాపాడే మంచి ఏర్పాటే అది. కాని దాని లెక్కను ఒక్కసారి ఆలోచించి చూడవలసి ఉంది. తండ్రి పోయి, డిగ్రీ రెండవ సంవత్సరం మధ్యలో మాని, సహాయకుడుగా చేరిన ఇరవై ఏళ్ల కుర్రవాడు ఉపాధి సర్వేలో 'ఉద్యోగి' అవుతాడు. ఆ త్రైమాసికంలో యువతలో నిరుద్యోగం అంతమేరకు తగ్గుతుంది. మహమ్మారి అతని నుండి తీసుకొన్నది ఆ అంకెలో లాభంగా కనిపిస్తుంది.

అనాథలైన పిల్లల విషయంలో వయసు గీత మరింత పదునైనది. 2021 మేలో ప్రకటించిన పీఎం కేర్స్ బాలల పథకం తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకొన్నవారికి చదువు, వైద్యబీమా, 18 నుండి 23 ఏళ్ల వరకు నెలసరి భృతి, ఆపైన పది లక్షల రూపాయల నిధి కల్పించింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అదే కాలంలో మహతారీ దులార్ యోజన పేరిట ఉచిత విద్యను, విద్యార్థి వేతనాన్ని ప్రకటించింది. తల్లి లాలన అని స్థూలంగా ఆ పేరుకు అర్థం. కేంద్ర పథకం ప్రకారం తల్లిదండ్రులు పోయిన రోజుకు పిల్లవానికి పద్దెనిమిది నిండి ఉండరాదు. ఏ పథకానికైనా ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీతకు నెల రోజులు అవతల నిలిచిన పందొమ్మిదో ఏటివాడు పెద్దవాడుగా లెక్క, తమ్ముళ్లకు పెద్దదిక్కు కూడ.

బడి విషయానికి వస్తే లెక్కలు మరొక రకంగా తికమక పెడతాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లోనే 'పఢై తుంహర్ దువార్' పేర, చదువు మీ ముంగిట అన్న అర్థంలో, అంతర్జాల బోధన ప్రారంభించింది. 2021లో పదవ తరగతి పరీక్షలు జరగలేదు. పన్నెండవ తరగతికి ఒక వినూత్న పద్ధతి పాటించారు. విద్యార్థులు కేంద్రానికి వచ్చి ప్రశ్నపత్రాలు, జవాబు పుస్తకాలు తీసుకొనిపోయి, ఇంటివద్దనే రాసి, ఐదు రోజులలో తిరిగి అప్పగించారు. ఉత్తీర్ణత 97 శాతం దాటింది. ఆంధ్రప్రదేశ్ కూడ అదే ఏడాది జూన్‌లో పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలను రద్దుచేసింది. మహమ్మారి మధ్య ఇంతకంటె మేలైన మార్గం బహుశా లేదు. అయినా భవిష్యత్తులో పరీక్షా ఫలితాల చరిత్రను రాసేవాడు పట్టికను మాత్రమే చూస్తే 2021ని విద్యా వికాసానికి స్వర్ణ సంవత్సరంగా భావించే ప్రమాదం ఉంది. అదే ఏడాది అక్టోబరు, నవంబరులలో ప్రథమ్ సంస్థ 'అసర్' సర్వే బృందాలు ఛత్తీస్‌గఢ్ పల్లెలకు వెళ్లి పిల్లల చేత చదివించి చూశాయి. కింది తరగతులలో చదవగలిగినవారి శాతం 2018 కంటె బాగా పడిపోయినట్లు తేలింది.

మరి కౌమార దశలోని వారి మాట ఏమిటి? ఆర్థిక ఇబ్బందితో పెద్ద పిల్లలు బడి మానివేస్తారని అందరూ భయపడ్డారు. 14 నుండి 18 ఏళ్ల వారిపై 2023లో జరిగిన అసర్ సర్వే ఆ భయం నిజం కాలేదని చూపింది. సర్వే చేసిన గ్రామీణ జిల్లాలలో సుమారు 87 శాతం మంది ఏదో ఒక విద్యాసంస్థలో నమోదై ఉన్నారు. వారిలో నాలుగో వంతు మంది తమ భాషలో రెండవ తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. హాజరు పట్టీలో పేరు నిలవడం, చదువు నిలవడం ఒకటి కాదని దీని అర్థం. పనిముట్టు పట్టి నేర్చుకొనే చదువు గతి ఇంకా కనిపించనిది. రాయ్‌పూర్ డివిజను, వ్యాగన్ రిపేర్ షాపు కలిసి 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద ఫిట్టరు, వెల్డరు, టర్నరు వంటి పనులలో శిక్షణకు పిలుపులిస్తాయి. పదిహేను నుండి ఇరవై నాలుగేళ్ల లోపు వారే అందుకు అర్హులు. వెల్డింగును తెరమీద చూసి నేర్చుకోవడం సాధ్యం కాదు. ఐటీఐలు మూతబడిన నెలలలో చేతికి పట్టుబడని పని ఏ సర్వేలోనూ ప్రశ్నగా రాలేదు.

ఉపాధికి సంబంధించి లెక్క స్పష్టంగానే ఉంది. జాతీయ గణాంక కార్యాలయపు సర్వే ప్రకారం 2020 ఏప్రిల్, జూన్ మధ్య దేశంలోని పట్టణాలలో 15 నుండి 29 ఏళ్లవారిలో నిరుద్యోగం 34.7 శాతానికి చేరింది. తరువాతి త్రైమాసికాలలో క్రమంగా దిగివచ్చింది. అయితే ఉద్యోగానికి సిద్ధమవుతూ ఇంట్లో కూర్చున్నవాడు పని వెదకుతున్నానని చెబితేనే నిరుద్యోగి. చదువుకొంటున్నానని చెబితే శ్రామిక వర్గంలోనే లేడు. రైల్వే కాలనీ యువకులలో అనేకులది ఈ రెండవ సమాధానమే. వారు దేనికొరకు ఎదురుచూశారో తెలిస్తేనే ఆ సమాధానం అర్థమవుతుంది.

రైల్వే నియామక బోర్డులు 2019 ఫిబ్రవరి, మార్చి నెలలలో రెండు పెద్ద ప్రకటనలు ఇచ్చాయి. ఒకటి స్టేషను మాస్టరు, గూడ్సు గార్డు, గుమాస్తా తరహా ఉద్యోగాలు 35 వేల పైచిలుకు. రెండవది ట్రాక్ మెయింటెయినర్, సహాయకుడు వంటి మొదటి స్థాయి ఉద్యోగాలు 1,03,769. రెండింటికీ వేర్వేరుగా కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. మొదటిదానికి తొలి దశ పరీక్ష 2020 డిసెంబరు 28న గాని మొదలు కాలేదు, 2021 జూలై దాకా సాగింది. రెండవదానికి 2022 ఆగస్టు 17న మొదలైంది. దరఖాస్తు చేసిన నాటికి పద్దెనిమిదేళ్లున్నవాడు పరీక్ష గదిలోకి అడుగుపెట్టే నాటికి ఇరవై ఒకటి దాటాడు. ఆ మధ్యకాలంలో మరొక పెద్ద ప్రకటన రాలేదు. అంచు వయసులో ఉన్నవారు అంచు దాటిపోయారు.

2024 జనవరిలో సహాయక లోకో పైలట్ల నియామకానికి ప్రకటన వెలువడింది. అందులో గరిష్ఠ వయస్సు మొదట ముప్పై అని ఉంది. అభ్యర్థుల విన్నపాల తరువాత ఒక సవరణ వచ్చింది. కోవిడ్ మహమ్మారి కారణంగా, ఒక్కసారికి మాత్రమే వర్తించేటట్లు, వయః పరిమితిని మూడేళ్లు పెంచారు. ఆ ఏడాది తరువాత వచ్చిన ఇతర రైల్వే ప్రకటనలలోను అదే వాక్యం చోటుచేసుకొంది. సైన్యం విషయంలో ఇంతకుముందే, 2022 జూన్‌లో, ఇటువంటిది జరిగింది. రెండేళ్లుగా భర్తీలు లేవన్న కారణంతో అగ్నిపథ్ పథకపు తొలి విడతకు గరిష్ఠ వయస్సును 21 నుండి 23కు పెంచారు.

మహమ్మారి యువతకు చేసిన నష్టాన్ని ప్రభుత్వ యంత్రాంగం నేరుగా, కాలమానంలో కొలిచి కాగితం మీద పెట్టిన సందర్భాలలో ఇవి ముఖ్యమైనవి. సైన్యం లెక్కకు రెండేళ్లు, రైల్వే లెక్కకు మూడేళ్లు. గణాంక శాఖ చేయలేని పనిని నియామక ప్రకటనలోని ఒక వాక్యం చేసింది. జ్వరపు గడిలో అన్ని చావులూ కలిసినట్లే ఈ మూడేళ్లలోనూ వేర్వేరు కారణాలు కలిసి ఉన్నాయి. 2019 నాటి ప్రకటనల ప్రకారమే చూసినా ఆ పరీక్షలు ఆ ఏడాదిలోనే మొదలుకావలసినవి. కోవిడ్ రాకముందే అవి వెనుకబడ్డాయి. అందుచేత ఆ మూడేళ్లలో మహమ్మారి వాటా ఎంత, కార్యాలయ జాప్యం వాటా ఎంత అన్నది మార్టెన్, మిల్స్‌ల మధ్య తేడా వంటి చిక్కుముడే. దానిని విప్పకుండానే మొత్తాన్ని ఒక ఖాతాలో వేసి ఊరట కల్పించడం పరిపాలనలో తెలివైన పద్ధతి. చరిత్ర రాసేవాడు మాత్రం ఆ ఖాతాను విడదీసి చూడక తప్పదు.

మనసుకు తగిలిన దెబ్బను కొలిచే ప్రయత్నాలు వైద్యరంగంలో జరిగాయి. అమెరికాలో నెమూర్స్ బాలల వైద్యసంస్థలోని మనస్తత్వవేత్తలు 2020లో ఒక ప్రశ్నావళిని రూపొందించి, తరువాత కౌమారులకు, యువజనులకు ప్రత్యేక పాఠాన్ని తయారుచేశారు. దాని నిర్మాణం గమనించదగినది. మొదటి భాగం ఏమేమి జరిగాయో అడుగుతుంది. బడి మూతబడిందా, ఇంట్లో ఎవరి ఆదాయమైనా పోయిందా, ఎవరైనా ఆసుపత్రిలో చేరారా అన్న తరహా ప్రశ్నలకు అవునా కాదా అన్నదే జవాబు. రెండవ భాగం దానివలన జీవితం ఎంత చెడింది, ఎంత బాగుపడింది అని అడుగుతుంది. బాగుపడిన సంగతులు కూడ ఉండవచ్చునని ఒప్పుకోవడం అందులోని విజ్ఞత. చివర తోచింది రాయడానికి కొంత చోటు వదిలారు. జరిగినదాన్ని, తగిలినదాన్ని ఇలా రెండుగా విడదీయడం 1918 నాటి పట్టికలకు ఊహకందని విషయం.

అటువంటి పత్రాన్ని డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగు ఇంటికి తెస్తే ఏ భాషలో తేవాలన్న ప్రశ్న మొదట ఎదురవుతుంది. అక్కడి పిల్లవాడు బడిలో హిందీ చదువుతాడు, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతాడు, అమ్మతో ఉత్తరాంధ్ర యాసలో తెలుగు మాట్లాడతాడు గాని తెలుగు లిపి చాలామందికి రాదు. పరీక్ష తప్పిన సంగతి హిందీలో చెప్పగలడు. తాతగారు పోయినప్పుడు బండ్లు లేక పార్వతీపురం దగ్గరి ఊరికి పోలేకపోయిన సంగతి, పెద్దకర్మకు కూడ అందుకోలేకపోయిన సంగతి తెలుగులోనే చెప్పవలసి ఉంటుంది. 'బెంగ' అన్న మాటకు హిందీ పత్రంలో సరితూగే గడి దొరకదు. దిగులు, బెంగ, విచారం ఒకటి కావని తెలుగువారికి చెప్పనక్కరలేదు. మనోవ్యథను అంకెలలోకి మార్చే ఏ పత్రానికైనా ఈ వడపోత తప్పదు. ప్రవాస తెలుగు కుటుంబాలలో అది రెండుసార్లు జరుగుతుంది.

1918 నాటి గోతులను మూడేళ్లలోనే చూపిన జనగణన ఈసారి అందుబాటులో లేకపోయింది. 1881 నుండి పదేళ్లకొకసారి తప్పకుండా జరిగిన లెక్క 2021లో జరగలేదు. 1941లో యుద్ధం మధ్య కూడ అది జరిగింది. పట్టికలు మాత్రం కుదించి ప్రకటించారు. వాయిదా పడిన జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా నిర్ణయిస్తూ 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. గణకులు కాలనీలోని క్వార్టర్ల తలుపులు తట్టేనాటికి, 2020లో బడి మూతబడినప్పుడు పద్నాలుగేళ్లున్న పిల్లకు ఇరవై ఒకటి వస్తాయి. పందొమ్మిదేళ్లున్నవాడు ఇరవై ఆరుకు చేరుతాడు. కొందరు పెళ్లిళ్లు చేసుకొని వేరే ఊళ్లలో లెక్కకు వస్తారు. కొందరు తండ్రి చేసిన ఉద్యోగంలోనే ఉంటారు. తండ్రి పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేసిన కుటుంబాల పిల్లలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పట్టికలలో కనిపిస్తారు. వారి వయసు ఈసారి పాతిక, ముప్పై అని గుట్టగా పడదు. పుట్టిన తేదీ ప్రతివారి వద్దా ఉంది. నోటిఫికేషను కోసం ఎన్నోసార్లు చూసుకొన్న తేదీ అది.